ఒకటిన్నర మీటరు

పడ్డ క్షణం నాకు గుర్తు లేదు. గుర్తున్న చివరి సంగతి, బెంగళూరు మున్నేకొళాలలో మా సందు చివర ఆటోలోంచి కొబ్బరి బొండాలు దింపుతున్న మనిషి. ఆటోకు దారిచ్చి కాస్త ఎడమకు తీసుకున్నాను. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు. మధ్యలో దాదాపు గంటన్నర నాకు లేకుండా పోయింది. ఆ గంటన్నరా నేను మెలకువగానే ఉన్నానట. లేచి కూర్చున్నానట, నీళ్ళు తాగానట, ఫోన్ లాక్ తీసి మా ఆవిడ నంబరు నేనే చూపించానట.

ఆసుపత్రిలో ఆమెను ఒకటే ప్రశ్న అడుగుతూ ఉన్నానట: "సైకిలు ఎక్కడుంది?" ఆమె చెప్పేది. రెండు నిమిషాలకు మళ్ళీ అడిగేవాణ్ణి. నాలుగోసారికి ఆమెకు భయం పట్టుకుంది. మందుల బిల్లు వెనక్కి తిప్పి పెద్ద అక్షరాలతో రాసింది: "సైకిలు బొండాల బండి దగ్గరుంది. బాగానే ఉంది. నువ్వు పడ్డావు. అత్తయ్యకు ఇంకా చెప్పలేదు." నేను అడిగినప్పుడల్లా ఆ కాగితం నా ముందు పెట్టి, పక్కన ఒక గీత గీసేదట, డాక్టరు అడిగితే చెప్పడానికి. ఆ కాగితం మా బీరువాలో దాచుకున్నాం. పదకొండు గీతలున్నాయి.

ఇది జరిగి ఏడాది దాటింది. ఈ మధ్య ఆఫీసులో ఒక కుర్రాడు కొత్తగా సైకిలు కొన్నాడు. "అన్నా, ఆఫీసుకు రావడానికి కూడా హెల్మెట్ కావాలా? ఆరు కిలోమీటర్లేగా?" అని అడిగాడు. సరిగ్గా ఆ మాటే నేనూ ఐదేళ్ళు అనుకున్నాను. వాడికి కూర్చోబెట్టి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

నా దగ్గర హెల్మెట్ ఉంది. తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. ఆదివారాలు నంది కొండకు వెళ్ళే గుంపుతో నేనూ వెళ్ళేవాణ్ణి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, అరవై కిలోమీటర్లు తొక్కి, చివర ఆ ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడు ఎక్కి దిగేవాళ్ళం. ఆ గుంపులో హెల్మెట్ లేనివాణ్ణి రానివ్వరు. రేసుల్లోనూ అంతే. 1995 టూర్ డి ఫ్రాన్స్‌లో ఫాబియో కాసార్తెల్లి కొండ దిగుతూ పడి చనిపోయాడు. 2003లో పారిస్–నీస్ రేసులో ఆంద్రే కివిలెవ్ పడి చనిపోయాక, ఆ ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ప్రొఫెషనల్ రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి చేసింది. కాబట్టి నంది కొండకు పెట్టుకోవడం నాకు సబబుగానే తోచింది. దిగేటప్పుడు యాభై దాటే వేగం, మలుపులు, కోతులు. ఆఫీసుకు మాత్రం ఎందుకు? మారతహళ్ళి బ్రిడ్జి దాటి, కాడుబీసనహళ్ళి మీదుగా బెళ్ళందూరు. రద్దీలో పదిహేను దాటదు వేగం. నంది కొండ హెల్మెట్‌ది, ఆఫీసు దారి నాది అనుకున్నాను.

దానికి తోడు చదువుకున్న వాదనలు కూడా ఉన్నాయి నా దగ్గర. నెదర్లాండ్స్‌లో దేశమంతా సైకిలు తొక్కుతుంది, హెల్మెట్ పెట్టుకునేవాళ్ళు చాలా అరుదు, అయినా వాళ్ళ రోడ్లు మనకన్నా ఎంతో నయం. ఇంగ్లండ్‌లో ఇయాన్ వాకర్ అనే పరిశోధకుడు తన సైకిలుకు దూరం కొలిచే పరికరం బిగించుకుని తిరిగాడు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడు వాహనాలు సగటున ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దగ్గరగా వచ్చి దాటుతున్నాయని 2006లో చెప్పాడు. హెల్మెట్ గురించి ఎవరు మొదలుపెట్టినా ముందు ఈ ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తీసేవాణ్ణి. ఆ లెక్కను వేరేవాళ్ళు తర్వాత తిరగేసి, తేడా అంత పట్టించుకోవాల్సింది కాదన్నారని నాకు అప్పటికి తెలియదు. వెతకలేదు కూడా. నాకు కావలసిన మాట దొరికింది, అక్కడ ఆగిపోయాను.

పడ్డది ఎలాగో బొండాల అన్న చెబితే తెలిసింది. ముందురోజు రాత్రి వాన పడింది. మా సందు పక్కనే మురుగు కాలువ, దాని మీద సిమెంటు పలకలు. రెండు పలకల మధ్య సందు ఎప్పటినుంచో ఉంది. వాన నీళ్ళు నిలిచి ఆ రోజు కనిపించలేదు. ముందు చక్రం ఆ సందులో దిగి ఆగిపోయింది. నేను ఆగలేదు. ఎడమ పక్కకు పడి, కణత ఫుట్‌పాత్ అంచుకు తగిలింది. ఏ బండీ గుద్దలేదు, ఎవరూ హారన్ కొట్టలేదు. నేను తొక్కుతున్నది పదో పన్నెండో కిలోమీటర్ల వేగం, పిల్లలు పార్కులో తొక్కేంత.

"పెట్టాయ్తా సార్? పెట్టాయ్తా?" అని, అంటే దెబ్బ తగిలిందా అని, కన్నడంలో అడుగుతూ ఆయనే పరుగెత్తుకొచ్చాడట. ఆటోలో ఇంకా సగం బొండాలున్నాయి. వాటిని రోడ్డు మీద కుమ్మరించి, ఆ ఆటోలోనే నన్ను తీసుకెళ్ళారు. తర్వాత ఆయనకు దండం పెట్టడానికి వెళ్ళినప్పుడు ఒక మాట చెప్పాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగాడట, పోలీసులు తనను తిప్పుతారేమోనని. ఇలా సాయం చేసినవాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోకే 134ఏ సెక్షన్‌గా అది వచ్చింది. ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలుసు, ఆ సందులో బండి పెట్టే మరో నలుగురికి కూడా చెప్పాడు. ఈ ఒక్క ముక్క మీరూ మీ వీధిలో చెప్పండి.

ఎమర్జెన్సీలో పేపరు మీద రెండు మాటలు రాశారు. ఒకటి "సెల్ఫ్ ఫాల్", అంటే తనంతట తాను పడ్డాడని. రెండోది "హెల్మెట్: లేదు". ముందు డ్యూటీ డాక్టరు "టూ వీలరా?" అని అడిగిందట. మా ఆవిడ సైకిలని చెబితే, హెల్మెట్ గడి దగ్గర పెన్ను ఆపి, "అయినా రాస్తాను" అందట. కణత మీద నాలుగు కుట్లు. సీటీ స్కాన్‌లో ఎముక విరగలేదు, లోపల రక్తం కారలేదు. మెదడు అదిరింది, డాక్టర్లు కంకషన్ అంటారు.

స్కాన్ బాగుందంటే ఇంటికి పంపేస్తారనుకున్నాం. ఆ డాక్టరమ్మ ఒక రోజు ఉంచుకుంది. కణత దగ్గర ఎముక పలచన, దాని లోపలి వైపు ఒక రక్తనాళం పోతుంది, అక్కడ దెబ్బ తగిలినప్పుడు మనిషి బాగానే మాట్లాడుతూ కొన్ని గంటల తర్వాత ఉన్నట్టుండి మగతలోకి జారిపోవచ్చని చెప్పింది. రాత్రంతా గంటకోసారి నర్సు వచ్చి నన్ను లేపి, పేరు అడిగి, కళ్ళలో టార్చి వేసి వెళ్ళేది. ఇంటికి పంపేటప్పుడు ఏం చూడాలో మా ఆవిడతో రెండుసార్లు చెప్పించుకుంది: తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, లేపితే లేవకపోవడం, మాట తడబడటం, ఒక కంటిపాప పెద్దది కావడం, ఫిట్స్. వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా రమ్మంది. మాత్రలు కూడా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దంది. తల పగిలి రక్తం వస్తేనే పెద్ద దెబ్బ అనుకునేవాణ్ణి. గంటన్నర జ్ఞాపకం పోవడం అంతకన్నా పెద్ద గుర్తని అప్పుడు తెలిసింది.

తర్వాతి మూడు వారాల గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కుట్లు వారంలో మానాయి. తల మానలేదు. కిటికీ తెర తీస్తే కళ్ళలో సూదులు గుచ్చినట్టుండేది. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని పక్క గదిలోకి వెళ్ళేవాణ్ణి. తిరగమోతలో ఆవాలు చిటపటలాడే శబ్దం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం, మా అమ్మ వంటింటి శబ్దం అది. అదే శబ్దం భరించలేకపోయాను. మా ఆవిడ మూడు వారాలు తాలింపు లేని పప్పు వండింది. ఫోన్ తెర ఐదు నిమిషాలు చూస్తే వికారం. రోజంతా కోడ్ రాసే మనిషిని, ఒక పేజీ చదివి పై వాక్యం మర్చిపోయేవాణ్ణి. రెండో వారంలో ఒకరోజు కదిరి నుంచి అమ్మ వచ్చింది. "ఎట్లా ఉండావు నాయనా?" అని తల మీద చెయ్యి వేసింది. దానికి నేను ఆమె మీద అరిచాను. ఎందుకు అరిచానో నాకే తెలియదు. మెదడు అదిరినవాళ్ళకు అలా కోపం రావడం మామూలేనని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. అమ్మ ముఖం మాత్రం నాకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఆ తర్వాత కొద్దికొద్దిగా నడక, కొద్దికొద్దిగా పని, తలనొప్పి పెరిగితే మళ్ళీ ఒక మెట్టు దిగడం, ఇదే వైద్యం. దీనికి వేరే మందు లేదు. పూర్తిగా తగ్గేదాకా సైకిలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. మానుతున్న మెదడుకు రెండో దెబ్బ తగిలితే మొదటిదానికన్నా చాలా ప్రమాదమట.

నాలుగో వారంలో, సైకిలు ఎక్కకుండానే, ఒక పని చేశాను. నేను సైకిలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాను. కుట్టు పడ్డ చోటి నుంచి నేల దాకా మా ఆవిడ కుట్టుమిషన్ టేపుతో కొలిచింది. నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు.

ఆ కొలత ఎందుకంటే, అంతకు ముందు రోజు మొట్టమొదటిసారి నా పాత హెల్మెట్ లోపల స్టిక్కర్ కోసం వెతికాను. ఇలాంటివాటికి యూరప్‌లో ఈఎన్ 1078 అనే ప్రమాణం ఉంది. పరీక్షలో హెల్మెట్‌ను ఒక నకిలీ తలకు తొడిగి, చదునైన ఇనుము మీద పడేస్తారు. పడే వేగం సెకనుకు 5.42 మీటర్లు. అంటే దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే వేగం, గంటకు ఇరవై కిలోమీటర్ల లోపు. ఫుట్‌పాత్ అంచు లాంటి కోణం మీద కూడా, ఇంకాస్త తక్కువ వేగంతో పడేస్తారు. అమెరికాలో 1999 నుంచి అమల్లో ఉన్న సీపీఎస్‌సీ (అక్కడి ప్రభుత్వ వస్తు భద్రతా సంస్థ) ప్రమాణంలో ఎత్తు రెండు మీటర్లు. ఈ అంకెలు నాకు కొత్తవి కావు. "ఇరవై కిలోమీటర్ల వేగానికి పరీక్షించిన వస్తువు లారీ గుద్దితే ఏం కాపాడుతుంది?" అని వాదించడానికి నేనే వాడేవాణ్ణి వాటిని.

లారీ గుద్దితే కాపాడదు, నిజమే. కానీ ఒకటిన్నర మీటరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ టేపు పట్టుకున్నప్పుడు అర్థమైంది. సైకిలు మీద కూర్చున్న మనిషి తల నేలకు ఉండే దూరం అది. పక్కకు పడితే తల ఆ ఎత్తు నుంచే పడుతుంది. నంది కొండ దిగుతున్నా, మా సందులో పాకుతూ పోతున్నా నేల అంతే దూరం. ముందుకు పోయే వేగం ఎక్కువైతే చర్మం ఎక్కువ గీరుకుపోతుంది, తల ఎక్కువ మెలి తిరుగుతుంది, దేన్నైనా ఎదురుగా గుద్దుకుంటే అది వేరే లెక్క. కింద పడే వేగం మాత్రం ఎత్తును బట్టి వచ్చేదే. ఆదివారం ఒక తల, సోమవారం ఒక తల అని నేను వేసుకున్న లెక్క అక్కడ తప్పింది.

ఇంకో చిన్న లెక్క. నూట యాభై సెంటీమీటర్లు పడిన తల రోడ్డు మీద రెండు మూడు మిల్లీమీటర్లలో ఆగిపోతే, ఆగేటప్పుడు దాని మీద పడే బలం దాని బరువుకు ఐదువందల రెట్లు దాటుతుంది. అదే తల రెండు సెంటీమీటర్లు నలుగుతూ ఆగితే సగటున డెబ్బై ఐదు రెట్లు. హెల్మెట్‌లోని థర్మోకోల్ చేసే పని ఆ రెండు సెంటీమీటర్లు ఇవ్వడమే. ఈపీఎస్ అని పెద్ద పేరున్నా, అది టీవీ పెట్టెల్లో వచ్చే థర్మోకోల్‌కు గట్టి అన్నే. నలిగి దెబ్బ బలాన్ని తీసుకుంటుంది, ఒకసారి నలిగాక మళ్ళీ ఉబ్బదు. అందుకే పడ్డ హెల్మెట్ పైకి బాగున్నా పారేయాలంటారు. నిజంగా తల ఆగే తీరు ఇంత సూటిగా ఉండదు, పుర్రె లోపల మెదడు వేరుగా కదులుతుంది, అది నాకు తెలుసు. కానీ ఆ రెండు సెంటీమీటర్లు నాకు ఆ రోజు లేవు.

చదివిన వాటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఆస్ట్రేలియా పరిశోధకులు ఒలివియర్, క్రైటన్ 2016లో వేసిన లెక్క. 40 అధ్యయనాలు, 64,000కు పైగా గాయపడ్డ సైక్లిస్టుల వివరాలు కలిపి చూశారు. హెల్మెట్ ఉన్నవాళ్ళలో తీవ్రమైన తల గాయం అయ్యే అవకాశం 69 శాతం తక్కువ, ప్రాణం తీసే తల గాయం 65 శాతం తక్కువ అని తేలింది. ఇవి పడ్డవాళ్ళ లెక్కలు, అది గుర్తుంచుకోవాలి. హెల్మెట్ పెట్టుకుంటే పడరని ఇందులో లేదు. హెల్మెట్ చట్టం తెస్తే ఊరు బాగుపడుతుందనీ లేదు.

ఈ చట్టం సంగతి దగ్గరే నా పాత వాదనలు, కొత్త అనుభవం ఒకదానికొకటి సర్దుకున్నాయి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మోటారు సైకిళ్ళకే. 2019 సవరణ తర్వాత, తలపాగా కట్టిన సిక్కులు తప్ప నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ బండి మీద హెల్మెట్ ఉండాలి. సైకిలు మోటారు వాహనమే కాదు కాబట్టి మనకు అడిగేవాళ్ళు లేరు. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 1990 జులై 1న పెద్దలకూ పిల్లలకూ తప్పనిసరి చేసింది, ప్రపంచంలో అదే మొదటిది. తల గాయాలు తగ్గాయి. తొక్కేవాళ్ళు కూడా తగ్గారు, ముఖ్యంగా పన్నెండు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు. ఎంత తగ్గింది దేనివల్ల అని ఇప్పటికీ వాదన తెగలేదు. అమెరికాలో సియాటిల్ ఉండే కింగ్ కౌంటీ తన హెల్మెట్ నియమాన్ని 2022లో ఎత్తేసింది. జరిమానాలు ఇళ్ళు లేనివాళ్ళ మీద, నల్లవాళ్ళ మీద ఎక్కువ పడుతున్నాయని తేలడం దానికి కారణం.

బెంగళూరులో అలాంటి చట్టం వస్తే ఎవరి మీద పడుతుందో నాకు బాగా తెలుసు. పొద్దున ఐదింటికి బెళ్ళందూరు గేటు దగ్గర నిలబడండి. నాలా నలభై వేల రూపాయల సైకిలు మీద వచ్చేవాళ్ళు పదిమంది. పాల ప్యాకెట్ల పిల్లలు, కాపలా డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్ళు, కట్టడం పనికి పోయే ఒడిశా, బెంగాల్ కుర్రాళ్ళు ఎంతోమంది. వాళ్ళకు సైకిలు ఇష్టంగా ఎంచుకున్నది కాదు, అదొక్కటే ఉన్నది. వాళ్ళను ఆపి జరిమానా రాయడం నాకు ఇష్టం లేదు. ముందు వాళ్ళకు దారి కావాలి. 2020లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిళ్ళకని గీసిన దారి ఉండేది, ఆ కొద్ది నెలలు మనిషి ధైర్యంగా తొక్కాడు. ఇప్పుడు మెట్రో పనుల బారికేడ్ల పక్కన దాని జాడ వెతుక్కోవాలి. దారి అడగడం మానేసి తల కప్పుకోమనడం అన్యాయం. దారి వచ్చేదాకా తల కప్పుకోకపోతే ఏమవుతుందో అది నాకు జరిగింది. రెండూ ఒకే నోటితో అడగవచ్చని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఇక కొనడం. పాత హెల్మెట్ లోపల ఏ స్టిక్కరూ లేదు. ఆరు వందలకు ఆన్‌లైన్‌లో కొన్నది, ఏడేళ్ళయింది, గోటితో నొక్కితే థర్మోకోల్ పొడి రాలింది. అంటే నంది కొండ దిగినన్ని ఆదివారాలూ నేను దాన్ని నమ్ముకుని దిగాను. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టవుతుంది.

కొత్తది షాపుకు వెళ్ళే కొన్నాను, అలాగే కొనమని చెబుతాను. నుదుటి మీద, కనుబొమల పైన టేపు చుట్టి కొలిస్తే నా తల యాభై ఏడు సెంటీమీటర్లు. దాని ప్రకారం 54–58 సైజు. కానీ సైజు ఒక్కటే సరిపోదు. మొదట పెట్టుకున్న రెండూ నుదుటి దగ్గర నొక్కి, చెవుల పైన ఖాళీగా ఉన్నాయి. నా తల గుండ్రం, అవి కోలతలకు చేసినవి. మూడోది కూర్చుంది. పట్టీ పెట్టకుండా తల వంచి ఊపితే జారకుండా నిలిస్తే అది మీ హెల్మెట్. మిప్స్ అని లోపల పలచటి పసుపు పొర ఉండేవి కూడా చూపించారు. స్వీడన్ వాళ్ళ ఆలోచన అది, తల ఏటవాలుగా తగిలినప్పుడు ఆ పొర కొద్దిగా జారి మెదడు మీద పడే మెలిని తగ్గిస్తుంది. నాకు తగిలిన దెబ్బ అలాంటిదే కాబట్టి కాస్త ఎక్కువైనా అదే తీసుకున్నాను. ఎక్కువ ధర పెడితేనే ఎక్కువ రక్షణ అని మాత్రం లేదు. అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్ళు 2018 నుంచి సైకిలు హెల్మెట్లను పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు, అందులో తక్కువ ధరవి కొన్ని ఖరీదైనవాటిని దాటాయి. ప్రమాణం స్టిక్కర్, తలకు సరిగ్గా కూర్చోవడం, ఈ రెండూ ఉంటే మిగతాది మీ ఇష్టం.

పెట్టుకోవడంలోనూ నేను ఏడేళ్ళు తప్పు చేశాను. ఆదివారం ఫోటోలన్నిటిలో నా హెల్మెట్ వెనక్కి వాలి, నుదురంతా బయటే ఉంది. షాపులోని కన్నడ పెద్దాయన అద్దం ముందు నిలబెట్టి నేర్పించాడు. కనుబొమల పైన రెండు వేళ్ళ మందం, అంతకన్నా నుదురు కనిపించకూడదు. పట్టీలు రెండూ చెవి కింద వి ఆకారంలో కలవాలి, చెవి మీద కాదు. గడ్డం కింద బిగించాక ఒక వేలు దూరాలి. నోరు బాగా తెరిస్తే హెల్మెట్ తల మీద కొద్దిగా కిందికి లాగినట్టు తెలియాలి. చివరగా హెల్మెట్ వెనక ఉండే చిన్న చక్రం తిప్పి బిగించాలి. అన్నీ కలిపి ఐదు నిమిషాలు పట్టింది.

వేడి అంటారా, మొదటి వారం చెమట పట్టింది. పట్టీల మీద తెల్లగా ఉప్పు తేరుతుంది, వారానికోసారి సబ్బు నీళ్ళలో మెత్తలు ఉతుకుతున్నాను. తలకు కొబ్బరి నూనె రాసుకునేవాళ్ళయితే ఇంకాస్త తరచుగా ఉతకాలి. పెట్రోలు, థిన్నర్ మాత్రం తగలనివ్వకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. హెల్మెట్‌తో పాటు వెనక ఎర్ర లైటు కూడా మార్చాను, పగలు కూడా వెలిగేది. కారువాడికి నన్ను చూపించేది ఆ లైటే, హెల్మెట్ కాదు.

ఏడో వారంలో మళ్ళీ ఎక్కాను. మొదటి రోజు మా సందు చివర దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. ఆ పలకల సందు గురించి ఫిర్యాదు ఇచ్చాను, నంబరు వచ్చింది, ఫోటో తీసుకెళ్ళారు, సందు అలాగే ఉంది. బొండాల అన్న దానిలో ఒక ఎండు బొండం చిప్పలు కూరి, పైన రాయి పెట్టాడు. ఇప్పటికి అదే మరమ్మతు.

చివరగా మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న గురించి రాయాలి. మా కదిరి వైపు మనిషే, తనకల్లు దగ్గర పల్లె. యాభై దాటాయి. పాణత్తూరు నుంచి తెల్లవారుజామున పాత సైకిలు మీద వస్తాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. నేను పడ్డప్పుడు రోజూ పైకి వచ్చి చూసిపోయేవాడు. కోలుకున్నాక ఒకరోజు అడిగాను, "అన్నా, నీకొకటి తెచ్చేదా?" అని.

"నాకెందుకు సార్? ఇన్నేళ్ళలో పడలా. పడితే లేస్తా."

నేనూ అదే అనుకున్నానని చెప్పాను. కాసేపు ఊరుకుని అసలు మాట చెప్పాడు. "చలికి తువ్వాలు ల్యాకపోతే చెవులు పోతాయి సార్. ఆ టోపీ కింద తువ్వాలు పట్టదు. ఇంగొకటి, సైకిలు బయట పెడితే ఆ టోపీని ఎవుడన్నా ఎత్తుకుపోతాడు." ఈ రెండూ నేను చదివిన ఏ పరిశోధనలోనూ లేవు. రెండూ నిజమైన ఇబ్బందులే. ఆయన తల కొలిస్తే యాభై ఐదు. సైజులో చివరి దాకా వదులయ్యే మామూలు హెల్మెట్ ఒకటి తెచ్చాను, దాని కింద పెట్టుకోవడానికి చెవులు కప్పే పలచటి ఉన్ని టోపీ అల్లింది మా ఆవిడ. గేటు గదిలో ఒక మేకు కొట్టించాం. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు సర్దాను, టోపీతో ఒకసారి, టోపీ లేకుండా ఒకసారి. ఆయన కదలకుండా, క్షవరానికి కూర్చున్నట్టు, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు.

కొన్ని రోజులు పెట్టుకుని వస్తాడు. కొన్ని రోజులు అది హ్యాండిల్‌కు వేలాడుతూ వస్తుంది. ఎందుకని నేను అడగను. మొన్న వాన పడ్డ తెల్లారి గేటు దగ్గర నన్ను ఆపి, మా సందులో ఇంకో పలక కుంగిందని, కుడి పక్కగా పొమ్మని చెప్పాడు.